గీతలే పలుకులు

మానవుడు తన మనసులోని మాటను ఎదుటివారికి తెలుపుటకు ఎన్నియో మార్గములు కనిపెట్టెను. వానిలో వాక్కు ప్రధానమైనది. అయినను వాక్కు ఒక్కటియే మార్గము కాదు. పసిబిడ్డ మాటలు రాకమునుపే ఏడ్పుచేతను నవ్వుచేతను తన కోరికను తల్లికి తెలుపును. లిపి పుట్టుటకు వేలయేండ్లకు పూర్వమే మానవుడు గుహల గోడలపై జంతువుల బొమ్మలు గీసెను. కనుమనాడు వాకిట తీర్చిన రథము ముగ్గును చూచి, ఆ యింటివారు పండుగను సాగనంపుచున్నారని వీధిలోనివారు ఒక్క మాటయు వినకయే గ్రహింతురు. కావున గీతయు ఒక భాషయే. నోటిమాట సులభముగా రాని కొందరు పిల్లలకు ఈ భాష ఎట్లు తోడ్పడునో ఈ పాఠమున తెలిసికొందము. అంతకుముందు నేను చేసిన యొక తప్పును మీకు చెప్పవలసి యున్నది.

నేను తెలుగు పండితుడనై ఉద్యోగమున చేరిన క్రొత్తలో, 1986 ప్రాంతమున, గోదావరి కాలువగట్టున నున్న యొక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో పనిచేయుచుంటిని. అచట ఆఱవ తరగతిలో ఒక బాలుడుండెను. పదునొకండేండ్లవాడు. పిలిచిన పలుకడు. కన్నెత్తి ముఖము చూడడు. తోడిపిల్లలతో ఆడడు. "అన్నము తింటివా?" అని యడిగినచో "తింటివా" అని మన మాటనే మనకు తిరిగి యిచ్చును. తరగతిలోనివారందరును వానిని మొద్దు అని పిలిచెడివారు. ఉపాధ్యాయులమైన మేమును వారిని వారింపలేదు. సుద్దముక్క చేత చిక్కినప్పుడు మాత్రము ఆ బాలుడు వేఱొక బాలుడై పోవును. వెనుకవరుసలో చతికిలబడి గచ్చునిండ బొమ్మలు గీయును.

ఆ బొమ్మలలో ప్రతిదినమును కానవచ్చునవి మూడు. మొదటిది బడిగంట. మా పాఠశాలలో వేపచెట్టు కొమ్మకు గొలుసుతో వ్రేలాడగట్టిన రైలుపట్టా ముక్కయే గంట. బంట్రోతు దానిని ఇనుపకడ్డీతో కొట్టినచో ఆ మ్రోత కాలువ ఆవలి యొడ్డువఱకు వినవచ్చెడిది. బాలుడు ఆ పట్టాముక్కను, గొలుసులోని లంకె యొక్కటియు విడువక, గీసెడివాడు. రెండవది, ఆ గంటచుట్టు ఒకదాని వెలుపల నొకటిగా వలయములు. అవి పోను పోను పెద్దవై గచ్చు అంచువఱకు ప్రాకెడివి. మూడవది, ఆ వలయములు చేరని మూలలో, కాలువగట్టున, ఒక చిన్న మనిషిబొమ్మ.

ఆ బాలుడు గంట కొట్టుటకు కొంచెము ముందుగా లేచి తరగతినుండి పరుగెత్తిపోయెడివాడు. పాఠము తప్పించుకొనుటకే పోవుచున్నాడని మేము తలంచితిమి. ఒకనాడు పాఠశాలను చూచుటకు అధికారి రానున్నారని తెలిసి గదులన్నియు కడిగించితిమి. కడిగిన గచ్చు ఆఱకముందే ఆ బాలుడు తన గంటను, తన వలయములను గీయ నారంభించెను. నాకు పట్టరాని కోపము వచ్చెను. "ఏమిరా యిది? ఇది బడి యనుకొంటివా, మఱేమనుకొంటివి?" అని గద్దించి, వాని చేతిలోని సుద్దముక్క లాగికొని, తడిగుడ్డ తెప్పించి, వాని కన్నులయెదుటనే ఆ బొమ్మను తుడిపించితిని. బాలుడు రెండుచేతులతో చెవులు మూసికొని బిగ్గరగా అఱచెను. నేను వానిని ఒక్క దెబ్బయు కొట్టలేదు. ఆనాడు దానినే దయ యనుకొంటిని. మఱునాడు ఆ బాలుడు బడికి రాలేదు. ఆ పిమ్మటను రాలేదు. కొన్ని నెలలకు ఆ తల్లిదండ్రులు కూలిపనికై వేఱొక ఊరికి తరలిపోయిరని వింటిని.

ఆ బొమ్మలోని భావము నాకు తెలియుటకు చాల యేండ్లు పట్టెను. బాలబాలికలారా! మీకు ఈపాటికే తెలిసియుండవచ్చును.

ఇట్టి పిల్లల మనోవికాసమునకు సంబంధించిన స్థితిని ఆటిజము అందురు. "తాను" అను అర్థము గల గ్రీకుపదము దీనికి మూలము. తెలుగున కొందరు స్వలీనత యనుచున్నారు. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి, వారి స్వభావమును వివరించుచు ఒక వ్యాసము ప్రకటించెను. మఱుసటి యేట, 1944లో, వియన్నా నగరమున హాన్స్ ఆస్పర్గర్ అను మఱియొక వైద్యుడు ఇట్టి విషయమునే వ్రాసెను. నాటినుండి ఈ పిల్లలనుగూర్చిన విజ్ఞానము చాల పెరిగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారము 2021లో లోకమున సుమారు 127 మందిలో ఒకరు ఆటిజము గలవారు. అనగా మీ పాఠశాలలోను, మీ వీధిలోను ఇట్టివారు ఉండవచ్చును.

ఇది అంటువ్యాధి కాదు. తల్లిదండ్రుల పెంపకములోని లోపమును కాదు. మెదడు వికసించు తీరులో గల భేదము. ఆటిజము గలవారందరును ఒకే విధముగా నుండరు. కొందరు ధారాళముగా మాటలాడుదురు. కొందరికి మాటలు ఆలస్యముగా వచ్చును. కొందరికి రానే రావు. కొందరికి శబ్దము, వెలుతురు, స్పర్శ మిక్కిలి తీవ్రముగా తోచును. మన చెవికి గంటమ్రోతగా వినబడునది వారి చెవికి సుత్తిదెబ్బవలె తగులవచ్చును. ఆ బాధను మాటతో చెప్పుకొనజాలని బిడ్డ అఱచును, పరుగెత్తును, లేదా చేతనున్న వస్తువును విసరును. చూచువారు దానిని పొగరు అందురు. నోరు మౌనముగా నున్నంతమాత్రమున మనసు శూన్యమని యెంచరాదు. లోపల మాట యున్నది. వెలికి వచ్చు దారియే ఇఱుకైనది.

ఆ దారి గీతలలో దొరకిన యొక బాలుని కథ వినుడు. అతని పేరు స్టీఫెన్ విల్ట్‌షైర్. 1974లో లండన్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులు కరీబియన్ సముద్రములోని దీవులనుండి వచ్చి స్థిరపడినవారు. బాలునకు మూడవయేడు వచ్చినను మాటలు రాలేదు. ఎవరితోను కలియడు. వైద్యులు పరీక్షించి ఆటిజమని నిర్ణయించిరి. ఆ యేడే తండ్రి మోటారుసైకిలు ప్రమాదమున మరణించెను. మాటలు రాని బిడ్డతో ఆ తల్లి యెంత యలమటించెనో ఊహింపుడు.

అయిదవయేట స్టీఫెన్‌ను లండన్‌లోని క్వీన్స్‌మిల్ అను ప్రత్యేక పాఠశాలలో చేర్చిరి. అచటి ఉపాధ్యాయులు కొలదికాలములోనే ఒక విషయము గమనించిరి. ఆ బాలునకు మాటలయందు లేని ఆసక్తి బొమ్మలయందున్నది. మొదట జంతువులను, పిమ్మట లండన్ వీధులలో తిరుగు బస్సులను, ఆ తరువాత గొప్ప గొప్ప భవనములను గీయుచుండెను. ఉపాధ్యాయులు "ఈ బొమ్మలతో కాలము వ్యర్థము" అని తలంపలేదు. ఆ బాలుడు తమతో మాటలాడుచున్న భాష అదియే యని గ్రహించిరి.

అంతట వారు ఒక యుపాయము పన్నిరి. బొమ్మల సామగ్రిని కొంతసేపు దాచియుంచిరి. కావలెనన్నచో అడుగవలెను. బాలుడు మొదట ఏవో ధ్వనులు చేసెను. కొంతకాలమునకు అతని నోటినుండి తొలిమాట వెడలెను. ఆ మాట "అమ్మ" కాదు, "అన్నము" కాదు. అది "కాగితము" అను అర్థమిచ్చు ఆంగ్లపదము. ఏ బిడ్డకైనను తనకు అత్యవసరమైన దానిపేరే ముందుగా నోట వచ్చును గదా! గీతయే ఆ బాలుని మాటవైపు నడిపించెను. తొమ్మిదవయేటికి అతడు చక్కగా మాటలాడ నేర్చెను.

ఆ పిదప స్టీఫెన్ ప్రతిభ లోకమునకు వెల్లడియయ్యెను. 1987లో బీబీసీ వారు అతనినిగూర్చి టెలివిజన్‌లో చూపిరి. ప్రసిద్ధ వాస్తుశిల్పి సర్ హ్యూ కాసన్ ఆ బాలుని చిత్రములను మెచ్చుకొనెను. ఆ యేడే అతని చిత్రముల సంపుటము వెలువడెను. ఒకమాఱు చూచిన భవనమును కిటికీల లెక్క తప్పకుండ గీయగల జ్ఞాపకశక్తి అతనిది. 2005లో జపాన్ రాజధాని టోక్యో నగరముపై హెలికాప్టరులో కొలదిసేపు విహరించి వచ్చి, 10 మీటర్ల పొడవు గల పటముపై ఏడు దినములలో ఆ మహానగరమును జ్ఞాపకమునుండియే చిత్రించెను. 2006లో కళాసేవకై బ్రిటిష్ ప్రభుత్వము అతనిని గౌరవించెను. ఆ యేడే లండన్‌లో తన చిత్రశాలను నెలకొల్పుకొనెను. పిలిచిన పలుకని బాలుడు జగమెఱిగిన చిత్రకారుడయ్యెను.

ఇచ్చట నేను ఆగి నన్ను నేను ప్రశ్నించుకొనక తప్పదు. లండన్ ఉపాధ్యాయులు ఆ బాలుని చేతినుండి సామగ్రిని తీసికొనిరి. నేనును మా బాలుని చేతినుండి సుద్దముక్కను తీసికొంటిని. రెండింటికిని భేదమేమి? వారు అడిగించుటకై దాచిరి. అడుగగనే యిచ్చిరి. కాగితమన్నచో ఆ బిడ్డకు ప్రాణమని వారెఱుగుదురు. నేను అడుగుటకు తావీయక తుడిచివేసితిని. తీసికొనిన చేయి తిరిగి ఇచ్చు చేయి కాకపోవుటయే నా తప్పు. ఒక్క మాట చెప్పవలెను. వారు చేసిన పనిని అందరును అనుకరింపరాదు. బిడ్డకు ఇష్టమైన దానిని దాచుట వానికి తీవ్రవేదన కలిగింపవచ్చును. ఆ బిడ్డను బాగుగ నెఱిగిన నేర్పరులకే అది తగును. మనవంటివారికి కాగితమును ఎదుట నుంచుటయే మేలు.

మాట చేయలేని పనిని గీత ఎట్లు చేయగలుగుచున్నది? విచారించి చూచినచో మూడు కారణములు తోచును.

మొదటిది, నిలకడ. పలికిన మాట క్షణములో గాలిలో కలిసిపోవును. వినినవాడు దానిని పట్టుకొని, అర్థము చేసికొని, బదులు వెదకులోపలనే రెండవ మాట వచ్చి పడును. మాటలను త్వరగా గ్రహింపలేని బిడ్డకు ఇది వఱదలో ఈదుటవంటిది. బొమ్మ యట్లు కాదు. కాగితముపై గీసినది కదలక యుండును. బిడ్డ తనకు వలసినంతసేపు చూడవచ్చును. మఱల మఱల చూడవచ్చును.

రెండవది, కూర్చుండు తీరు. మాటలాడునప్పుడు ఒకరి ముఖమొకరు చూడవలెనని మనము కోరుదుము. ఆటిజము గల చాలమంది పిల్లలకు ఎదుటివారి కన్నులలోనికి చూచుట కష్టము. బొమ్మ గీయునప్పుడు ఇద్దరును ప్రక్కప్రక్కన కూర్చుందురు. ఇద్దరి చూపులును ఒకే కాగితముపై నుండును. ముఖములు కలియకయే మనసులు కలియును. ఇద్దరును కలిసి ఒకే వస్తువుపై దృష్టి నిలుపుట భాష నేర్చుటకు తొలిమెట్టని పండితులు చెప్పుదురు.

మూడవది, వంతు. సంభాషణమనగా ఒకరు పలుకగా ఒకరు విని, పిదప వంతు మార్చుకొనుట. దీనిని గీతలతోనే అభ్యసింపవచ్చును. నీవు ఒక గుండ్రము గీయుము. ప్రక్కవాడు దానికి రెండు కన్నులు పెట్టును. నీవు ముక్కు గీయుము. అతడు మీసము గీయును. ఇద్దరును నవ్వుదురు. ఒక్క మాటయు లేకయే ఒక సంభాషణము ముగిసినది!

ఈ సూత్రములను ఆధారము చేసికొని విద్యావేత్తలు కొన్ని పద్ధతులు ఏర్పఱచిరి. 1985లో అమెరికాలోని డెలవేర్ రాష్ట్రమున ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనువారు బొమ్మల చీటీలతో మాటలాడు పద్ధతిని రూపొందించిరి. దాహమైన బిడ్డ నీళ్లబొమ్మ గల చీటీని పెద్దల చేతికిచ్చును. వెంటనే వారు నీళ్లిత్తురు. తాను తెలిపిన కోరిక ఫలించినదని బిడ్డ గ్రహించును. క్రమముగా రెండు మూడు చీటీలను కలిపి వాక్యముగా కూర్చుట నేర్చును. స్వయముగా గీయలేని పిల్లలకును ఇది యుపకరించును.

1994లో మిషిగన్ రాష్ట్రమున కేరల్ గ్రే అను ఉపాధ్యాయురాలు మఱియొక పద్ధతిని ప్రకటించెను. ఇద్దరి మధ్య తగవు వచ్చినదనుకొనుడు. పుల్లలవంటి గీతలతో ఆ యిద్దరి బొమ్మలు గీయుదురు. ఎవరేమనిరో నోటియొద్ద ఒక బుడగలో వ్రాయుదురు. మనసులో ఏమనుకొనిరో తలపైన వేఱొక బుడగలో వ్రాయుదురు. భావమునుబట్టి రంగులు మార్చుదురు. పైకి పలికిన మాటకును, లోపలి తలంపునకును భేదముండునని బిడ్డకు కంటికి కట్టినట్లు తెలియును. మీరు చదువు బొమ్మలకథలలోని బుడగలే ఇట్లు గురువులైనవి.

ఇక మూడవది మీరును చేయదగినంత సులభము. దినమున జరుగబోవు పనులను వరుసగా బొమ్మలలో గీసి గోడకు అంటించుట. ప్రార్థన, లెక్కలు, భోజనము, ఆటలు, ఇల్లు. తరువాత ఏమి జరుగునో తెలియక భయపడు బిడ్డకు ఆ బొమ్మలవరుస చేయిపట్టి నడిపించు అన్నవలె ధైర్యమిచ్చును.

అయినను బొమ్మ సర్వరోగనివారిణి యని భ్రమపడరాదు. 1967లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో జన్మించిన నాడియా అను బాలిక కథ ఇందుకు సాక్ష్యము. ఆమె మాటలు దాదాపు లేని స్థితిలోనే, నాలుగేండ్లు నిండకముందే, కలముతో పరుగెత్తు గుఱ్ఱములను గీసెను. ఆ యీడు పిల్లలు సున్నలు చుట్టుటకే తడబడుదురు. ఆమె గుఱ్ఱములు పెద్ద చిత్రకారులు గీసినట్లుండెను. లోర్నా సెల్ఫ్ అను మనస్తత్త్వశాస్త్రవేత్త ఆమెనుగూర్చి 1977లో ఒక గ్రంథము ప్రకటింపగా లోకము విస్మయము చెందెను. పిమ్మట ఆ బాలికకు కొలదిగా మాటలు వచ్చెను గాని, ఆ చిత్రకళ క్రమముగా సన్నగిలెను. మాట వచ్చినందుననే కళ పోయెనా యని పండితులు వాదించిరి. స్టీఫెన్ విషయమున మాటయు వచ్చెను, కళయు వర్ధిల్లెను. కావున ఒకరి కథను మఱియొకరికి కొలబద్దగా నుంచరాదు.

మఱియు, ఆటిజము గల పిల్లలందరును చిత్రకారులు కారు. స్టీఫెన్ వంటివారు అరుదు. కొందరికి బొమ్మలయందు ఇష్టముండదు. సుద్దపొడి చేతికి తగులుటయే కొందరికి సహింపరానిది. వారికి అక్షరములు, చేతిసైగలు, పాట, మాటలాడు యంత్రములు దారి కావచ్చును. బొమ్మ అందముగా నున్నదా లేదా యనునది ప్రశ్న కాదు. రెండు వంకరగీతలతో ఒక బిడ్డ "నాకు కడుపునొప్పి" అని తెలుపగలిగినచో, ఆ గీతలు ఏ చిత్రశాలలోని పటమునకును తీసిపోవు.

మన దేశమున ఇట్టి పిల్లల కొఱకు చట్టములు కలవు. 1999లో వెలసిన జాతీయ న్యాస చట్టము ఆటిజమును పేర్కొన్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమున ఆటిజము చేర్పబడినది. ఏ పాఠశాలయు ఇట్టి బిడ్డను గడపలోనే త్రిప్పి పంపరాదు. 1984లో నెలకొల్పబడి సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో నున్న జాతీయ సంస్థ మేధోపరమైన వైకల్యము గలవారి విద్యకై ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చుచున్నది. కాని చట్టము తలుపు మాత్రమే తెఱచును. లోపలికి రమ్మని పిలువవలసినది తరగతిలోని పిల్లలే.

ఈ మాట నాకు నేర్పినది ఎనిమిదవ తరగతి చదువుచుండిన యొక బాలిక. నేను ప్రధానోపాధ్యాయుడనై, పదవీవిరమణకు రెండేండ్ల దూరములో నున్నప్పుడు, మా పాఠశాలలో ఆటిజము గల బాలుడొకడు ఆఱవ తరగతిలో చేరెను. తరగతిలో నెమ్మదిగనే యుండెడివాడు. మధ్యాహ్న భోజనమునకు కూర్చుండబెట్టినచో మాత్రము కొన్నిదినములు పళ్లెమును విసరివేయును. కొన్నిదినములు మౌనముగా తినును. కారణము తెలియదు. వంటచేయు ఆమె "ఈ పిల్లవానికి అన్నము విలువ తెలియదండీ" అని వాపోయెను. వారమున కొకమాఱు వచ్చు ప్రత్యేక ఉపాధ్యాయురాలు "అడిగి లాభము లేదు, గీసి చూడుడు" అని చెప్పెను.

మఱునాడు ఆ బాలిక తన నోటుపుస్తకముతో వచ్చి ఆ బాలుని ప్రక్కన కూర్చుండెను. వాని ముఖమువంక చూడలేదు. ఒక్క ప్రశ్నయు అడుగలేదు. కాగితముపై ఒక పెద్ద గుండ్రము గీసి, దానిలో అన్నపురాశి గీసి, పెన్సిలును వానిదగ్గర నుంచి ఊరకుండెను. చాలసేపు ఏమియు జరుగలేదు. ఆ బాలిక లేచిపోలేదు. కొంతసేపటికి బాలుడు పెన్సిలు తీసికొనెను. అన్నమునకు ప్రక్కగా ఒక కోడిగ్రుడ్డు గీసెను. రెండింటి మధ్య నిలువుగా ఒక గీత గీసెను. ఆ గీతను మఱల గీసెను. కాగితము చిరుగునంత గట్టిగా మఱల మఱల గీసెను.

అప్పుడు మాకు తెలిసినది. వాడు పళ్లెము విసరినవి గ్రుడ్డు పెట్టిన దినములే. గ్రుడ్డు సాంబారులో తడియుట వానికి సహింపరాదు. నాటినుండి వంటచేయు ఆమె గ్రుడ్డును వేఱొక గిన్నెలో నుంచి యిచ్చెను. పళ్లెము మఱల నేల పడలేదు. మూడు నెలలుగా పెద్దలము పదిమందిమి తెలిసికొనజాలని సంగతిని ఒక పెన్సిలుగీత తెలిపెను. ఆ బాలుడు మా పాఠశాల విడుచునాటికి పట్టుమని పదిమాటలు పలుకగలిగెనేమో. కాని వాని నోటుపుస్తకములు నాలుగు నిండెను. వానిలో మా పాఠశాల యంతయు కలదు. మీసములు కొంచెము పెద్దవిగా గీయబడిన నేనును కలను.

ఆ గ్రుడ్డుబొమ్మ చూచిననాటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పదియేండ్లనాటి గచ్చు కన్నుల యెదుట నిలిచెను. పట్టాముక్క, వలయములు, ఆ వలయములు చేరని మూల నొక చిన్న మనిషి. "మాస్టారూ! ఆ గంటమ్రోత నన్ను బాధించుచున్నది. కాలువగట్టున నిలుచున్నచో ఓర్చుకొనగలను" అని ఆ బాలుడు దినదినమును నాకు చెప్పెను. నా పాదముల యెదుటనే వ్రాసి చూపెను. తెలుగు పండితుడను, వ్యాకరణము చదివినవాడను, ఆ వాక్యమును చదువలేకపోతిని. తడిగుడ్డతో తుడిపించితిని.

మఱునాడే మా పాఠశాల గంటను తరగతులకు దూరముగా, ప్రహరీగోడ యొద్దకు మార్పించితిని. ఎవరికొఱకు అది ముందే జరుగవలసి యుండెనో ఆ బాలుడు దానిని వినలేదు. ఎచ్చటనున్నను అతడు నేడు ఏబదియేండ్ల ప్రాంతమువాడై యుండును. అతని చేతికి మఱల సుద్దముక్క దొరకినదో లేదో నాకు తెలియదు.

బాలబాలికలారా! మీ తరగతిలో మాటలాడని తోడివాడుండవచ్చును. వానిని మొద్దు అనకుడు. అన్నవారిని చూచి నవ్వకుడు. వాని ముఖములోనికి చూచి తొందరపెట్టకుడు. ప్రక్కన కూర్చుండి, కాగితము పఱచి, ఒక గీత గీసి, పెన్సిలును అందుబాటులో నుంచి వేచియుండుడు. ఆ నాడు రాకపోయిన మఱునాడు వేచియుండుడు. వాడు గీసినదానిని "ఇదేమి?" అని గద్దించి యడుగకుడు. తుడిచివేయకుడు. చదువ ప్రయత్నింపుడు. మీకు చదువ చేతగానిచో, చదువగల వారు వచ్చువఱకు దానిని భద్రపఱచుడు.

అభ్యాసము

1. కాలువగట్టు పాఠశాలలోని బాలుడు ప్రతిదినము గీసిన మూడు బొమ్మలెవ్వి? వాని భావమేమి?
2. స్టీఫెన్ విల్ట్‌షైర్ పలికిన తొలిమాట యేది? ఆ మాటయే ముందుగా ఏల వచ్చెను?
3. లండన్ ఉపాధ్యాయులు సామగ్రిని దాచుటకును, రచయిత సుద్దముక్కను లాగికొనుటకును గల భేదమును వివరింపుడు.
4. మాట చేయలేని పనిని గీత చేయుటకు గల మూడు కారణములను సొంతమాటలలో వ్రాయుడు.
5. నాడియా కథవలన మనము తెలిసికొనవలసినదేమి?
6. ఒక్క మాటయు వాడక, మీ తోడివిద్యార్థితో ఒక కాగితముపై వంతులవారిగా బొమ్మ గీయుడు. పిదప మీరిద్దరును ఏమి తెలిసికొంటిరో పది వాక్యములలో వ్రాయుడు.